బడి జూన్ 12న, అప్పటిదాకా ఇల్లే

తెలంగాణ బడులకు 2025లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఎండాకాలం సెలవులు. లెక్కేస్తే 49 రోజులు. కానీ జడ్చర్లలో మా చెల్లె పదో తరగతికి పోతుందని, మే నెలలోనే స్పెషల్ క్లాసులకు పంపమని బడి నుంచి ఫోన్ వచ్చింది. "పంపుదామా?" అని అమ్మ అడిగింది. నేను వద్దన్న.

కారణం ఉంది. నా తొమ్మిదో తరగతి అయిపోయిన ఎండాకాలమంతా హాస్టల్లో కోచింగ్‌కే పోయింది. ఆ ఏడు నాయనమ్మ ఒక్కతే మామిడికాయ ముక్కలు తుడిచి తొక్కు పెట్టిందట. మరుసటి ఎండాకాలానికి ఆమే లేదు. కోచింగ్‌లో చెప్పిన పాఠాలన్నీ బడిలో మళ్లీ చెప్పిండ్రు. నాయనమ్మ ఉప్పు, కారం కొలత మాత్రం మళ్లీ చెప్పేవాళ్లు లేరు.

చదువు వద్దని కాదు. ముంబై, పుణె దాకా వలసపోయిన పాలమూరులో ఇంటిల్లిపాది ఒక్కచోట ఉండుడే పెద్ద పండుగ. దాన్ని మనమే ఎందుకు తగ్గించుకోవాలె?

ఇంట్లో ఉంటే పిల్లలు ఫోనే చూస్తరంటారు. నిజమే. అందుకే చేతికి పని కావాలె. ముంజలు ఒలవాలె, వడియాలు ఎండబెట్టాలె, సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి పక్కలేయాలె. మృగశిర నాడు అందరూ కలిసి చేపల కూర తినాలె. ఆ తర్వాత నాలుగైదు రోజులకు బడి ఎట్లాగూ తెరుస్తరు.

మీ ఇంట్లోనూ తమ్ముడో చెల్లెలో ఉంటే, వాళ్ల తరఫున ఒక్క మాట అడగండి.

ఈసారి తొక్కు చెల్లె కలిపింది. ఉప్పు ఎక్కువైంది. అయినా అందరం తిన్నం.