కుక్కను పంపే ముందు దాని పడకను ఉతుకుదాం

ఇవాళ కొంచెం పొడుగ్గా రాస్తా ఉన్నాను, తీరికగా చదవండి. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు ఇంట్లో మా అమ్మ దగ్గర నేర్చినవి. తప్పులుంటే దిద్దండి, విషయాన్ని మాత్రం పక్కన పెట్టొద్దు.

వచ్చే కార్యవర్గ సమావేశంలో ఒక తీర్మానం రాబోతా ఉంది. మన కల్యాణ మండపం మెట్ల కింద వాచ్‌మన్ పెంచుకుంటా ఉన్న కుక్క, అదే మన మణి, దాన్ని అక్కడి నుంచి పంపించెయ్యాలని. కారణాలు మూడు రాశారు. వాసన వస్తా ఉంది. ఉణ్ణి పురుగులు, అవే గోమార్లు, గోడ ఎక్కుతా ఉన్నాయి. పెళ్ళికి వచ్చే బంధువులు ముక్కు మూసుకుని మెట్లెక్కుతా ఉన్నారు. మూడూ నిజమే, నేను కాదనను. కానీ మూడూ కుక్క వల్ల కంటే అది పడుకునే గోనె సంచి వల్ల వచ్చినవి. ఆ సంచి ఉతికే పని ఎవరిదని మనం ఏ మినిట్స్ పుస్తకంలోనూ రాసుకోలేదు.

ముందు వాసన సంగతి. కుక్క చర్మం నుంచి నూనె ఊరుతుంది. ఆ నూనె, రాలిన వెంట్రుకలు, పొట్టు, చొంగ, కాళ్ళకంటిన మట్టి, అన్నీ రోజూ పడకలో చేరతాయి. దానికి చెమ్మ తగిలితే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాసన పుట్టేది అక్కడ. కుక్కకు ఎంత స్నానం చేయించినా మళ్ళీ అదే సంచి మీద పడుకుంటే ఏం లాభం? మనం తలంటుకుని వారం నాటి విడిచిన వేష్టినే మళ్ళీ కట్టుకున్నట్టు ఉంటుంది.

ఇంక ఉణ్ణి పురుగులు. మన ఊళ్ళల్లో కుక్కలకు పట్టే గోధుమరంగు ఉణ్ణి గుడ్లు పెట్టేది కుక్క మీద కాదు. కడుపునిండా రక్తం తాగిన ఆడ పురుగు కింద రాలి, గోడ బీటల్లోకో, మెట్ల సందుల్లోకో, పడక మడతల్లోకో పాకి, అక్కడ వేల గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు మళ్ళీ కుక్కను వెతుక్కుంటా వస్తాయి. పెద్ద పురుగులు తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు. అంటే రేపు మణిని వ్యాన్‌లో ఎక్కించి పంపేశామనుకోండి, పురుగులు గోడలోనే ఉంటాయి. కుక్క దొరకని ఉణ్ణి ఒక్కోసారి మనుషులను కూడా కరుస్తుంది. కాబట్టి ఈ తీర్మానం నెగ్గినా గోడ మీది పురుగు పోదు. దూకే పురుగు, తమిళంలో తెళ్ళుపూచ్చి అంటారు, దాని కథా ఇంతే. గుడ్లు కుక్క ఒంటి మీద నుంచి రాలి పడకలో పొదుగుతాయి. మందు కుక్కకు వేసి పడకను వదిలేస్తే సగం పని కూడా కాదు.

రైల్వేలో పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ ఉదాహరణే చెప్తాను. ఏసీ బోగీలో దుప్పటి కింద తెల్లని షీటు ఎందుకు ఇస్తారు? షీటు, దిండు గలీబు ప్రతి ప్రయాణానికీ ఉతికినవి ఇవ్వాలి. ఉన్ని దుప్పటిని అన్నిసార్లు ఉతకలేరు. 2016లో రాజ్యసభలో మంత్రిగారు దుప్పట్లు రెండు నెలలకొకసారి ఉతుకుతారని చెప్తే దేశమంతా గోల చేసింది. గోల న్యాయమే. మనిషికి రెండు నెలలు ఎక్కువ అనుకున్న మనం, మెట్ల కింద రెండేళ్ళుగా నీళ్ళు చూడని సంచిని పెట్టి, దాని మీద పడుకున్న జీవానిదే తప్పు అంటా ఉన్నాం. ఆ రైలు పద్ధతే ఇక్కడా పెట్టుకోవచ్చు. లోపల మెత్త, పైన విప్పి ఉతకగలిగే గలీబు. గలీబులు రెండు ఉండాలి, ఒకటి ఉతుకులో, ఒకటి వాడకంలో.

చేసే పని కష్టమైంది కాదు. వారానికొకసారి గలీబును వీధి వైపు తీసుకెళ్ళి గట్టిగా దులపాలి. వెంట్రుకలు దులపకుండా మెషిన్‌లో వేస్తే గొట్టం అడ్డుకుంటుంది. మన బట్టలతో కలపకూడదు. 60 డిగ్రీల వేడినీళ్ళయితే పురుగూ గుడ్డూ చస్తాయి. మెషిన్ లేకపోతే బకెట్‌లో మరిగిన నీళ్ళు పోసి అరగంట నానబెట్టి, వాసన లేని సబ్బుపొడితో ఉతికి, సబ్బు పూర్తిగా పోయేదాకా రెండు మూడు నీళ్ళు జాడించాలి. మొట్టమాడి మీద ఎర్రటి ఎండలో ఆరెయ్యాలి. లోపలి మెత్తను నెలకొకసారి ఎండలో రెండు పక్కలా తిప్పి పెట్టాలి. ఐప్పసి, కార్తీక మాసాల వానల్లో ఆరదు కాబట్టి అప్పటికి మూడో గలీబు ఉంటే మంచిది. తడి ఆరని పడక వెయ్యడం కంటే ఆ పూట పాత నూలు చీర మడత వెయ్యడం మేలు.

గోనె సంచి మాత్రం వద్దు. దాని అల్లికలో పురుగు దాక్కుంటే దులిపినా రాలదు. మణికి ఇప్పుడు పదేళ్ళు. ముసలి కుక్క ఎక్కువసేపు పడుకునే ఉంటుంది. సిమెంటు నేల ఒరిపిడికి మోచేతుల దగ్గర వెంట్రుక రాలి, చర్మం కాయ కట్టి, కొన్నిసార్లు పుండు పడుతుంది. కాబట్టి మెత్త మందంగా ఉండాలి. వయసుకు ఒంటేలు ఆగకపోతే గలీబు కింద ఒక రెక్సిన్ ముక్క వేస్తే మెత్త తడవదు. నేలకు జానెడు ఎత్తున నులక మంచం లాంటిది ఉంటే గాలి ఆడుతుంది, కింద ఊడ్చడానికీ వీలు. పడక ఉన్న చోట గోడ బీటలు సిమెంటుతో పూడ్పించాలి. ఇది మండపం మరమ్మతు ఖర్చు, కుక్క ఖర్చు కాదు.

చెయ్యకూడనివి కూడా చెప్పాలి. పడక మీద ఫినాయిల్ పొయ్యొద్దు. కుక్క కాళ్ళూ ఒళ్ళూ నాక్కుంటుంది, మందు కడుపులోకి పోతుంది. రసగుండ్లు, అంటే నాఫ్తలీన్ గోళీలు, వెయ్యొద్దు, అవి కుక్కకు విషం. కిరోసిన్ పూస్తే చర్మం కాలుతుంది. ఉణ్ణి కనిపిస్తే గోటితో నలపొద్దు, సబ్బునీళ్ళ డబ్బాలో వెయ్యండి. ఒంటికి వేసే మందు వెటర్నరీ డాక్టర్‌ను అడిగే వెయ్యాలి. ఆ మందూ పడక ఉతుకూ ఒకే రోజు జరిగితేనే ఫలితం ఉంటుంది.

ఇంక అసలు మాటకు వస్తాను. ఈ పని ఎవరు చెయ్యాలి? మన ఇళ్ళల్లో చాలామంది కుక్కలు పెంచుతా ఉన్నారు. కుక్కను ఒళ్ళో పెట్టుకుని ఫొటో తీసుకునేది మనం, దాని పడక ఉతికేది గిన్నెలు తోమే అమ్మ. ఆ అమ్మకు జీతం మాట్లాడేటప్పుడు ఈ పని చెప్పామా? చెప్పకుండా మెల్లగా తోసేశాం. పెంచినవాళ్ళే పడక ఉతకాలని నా అభిప్రాయం. చేతకానివాళ్ళు ఆ పనికి వేరుగా, ముందే చెప్పి, డబ్బివ్వాలి. మండపంలోనూ అంతే. వాచ్‌మన్‌కు మనం ఇచ్చింది ఒక గది, ఒక బల్బు. పెరటి కొళాయికి తాళం. వేడినీళ్ళకు పొయ్యి లేదు, ఆరేసుకునే మొట్టమాడికీ తాళం. ఇన్ని తాళాలు వేసి శుభ్రం లేదని నోటీసు ఇవ్వడం న్యాయమేనా? రాత్రిపూట మండపం సామాన్లకు కాపలా ఉండేది ఆయన ఒక్కడే కాదు, మణి కూడా.

మడి ఆచారం మాట కొందరు పెద్దలు అన్నారు. వాళ్ళ మీద నాకు గౌరవం ఉంది. కుక్కను మండపం లోపలికి, వంటశాలకు రానివ్వొద్దనే నేనూ అంటాను. కానీ మడి అంటే ఉతికి ఆరేసిన బట్ట. ఉతకడం మన ఆచారం అయినప్పుడు ఒక పడక ఉతకడం ఆచారానికి విరోధం ఎలా అవుతుంది?

మనవాళ్ళకు కుక్క కొత్త జీవమూ కాదు. రాజపాళయం కుక్క పేరు అందరికీ తెలుసు. ఆ ఊరు తరతరాలుగా తెలుగు మాట్లాడే రాజుల ఊరు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద బిళ్ళలు వేస్తే అందులో రాజపాళయం ఒకటి. తెల్లని పొట్టి వెంట్రుక, కింద గులాబీ రంగు చర్మం. అలాంటి ఒంటి మీద పురుగు కాటు ఇట్టే కనిపిస్తుంది. పడక శుభ్రంగా లేకుండా అలాంటి కుక్కను పెంచడం కుదరదు. మణి ఏ జాతీ కాదు, వీధిలో పుట్టింది. ఉతికిన పడకకు జాతి అక్కర్లేదు కదా.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. తీర్మానాన్ని మూడు నెలలు వాయిదా వెయ్యండి. ఈ లోపల గోడ బీటలు పూడ్చండి, రెండు గలీబులూ ఒక మెత్తా కుట్టించండి, పెరటి కొళాయి తాళంచెవి వాచ్‌మన్‌కు ఇవ్వండి. వారానికొక సభ్యుడి వంతు పెట్టి నోటీసు బోర్డు మీద పట్టిక అంటించండి. మూడు నెలల తర్వాత కూడా వాసన వస్తే అప్పుడు మాట్లాడుకుందాం. పదేళ్ళు ఒకే చోట బతికిన ముసలి కుక్కను కొత్త వీధిలో వదిలితే అక్కడి కుక్కలు బతకనివ్వవు. ఆ సంగతి తెలిసి చెయ్యెత్తి ఓటు వెయ్యడానికి ముందు, ఒక బకెట్ వేడినీళ్ళు ప్రయత్నించడం మన ధర్మం.

పట్టికలో మొదటి నాలుగు ఆదివారాలు నా పేరు రాసుకోండి. ఐదోది ఎవరిదో కింద చెప్పండి.