ఇల్లు మనం చూశాం, కాగితాలెవరు చూశారు?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. కట్టే ఓపికా, స్థలమూ లేక ఇప్పుడు చాలామందిమి కట్టిన ఇల్లే కొనుక్కుంటున్నాం. కొనడం తేలికనుకుంటాం గానీ, దాని కష్టం దానికీ ఉంది.

పావుకిలో వంకాయలు కొన్నా పుచ్చు ఉందేమోనని తిప్పి తిప్పి చూస్తాం. చీర కొంటే మడత విప్పించి, అంచు వెలుతురులో పెట్టి చూస్తాం. ఇంటి విషయంలోనూ అంతే. వంటింటి గట్టు ఎత్తు, గాలీ వెలుతురూ, నీళ్లూ, పక్కింటివాళ్లూ... ఒక్కటీ వదలం. కానీ దస్తావేజుల కట్ట బల్ల మీదకి రాగానే కాఫీలు కలపడానికి లోపలికి వెళ్లిపోతాం. మన గాజులు అమ్మిన డబ్బు ఆ ఇంట్లో ఉన్నా, మన పేరు ఆ కాగితం మీద ఉన్నా, ‘ఇక్కడ సంతకం పెట్టమ్మా’ అంటే పెట్టేస్తాం. నేనూ అలాంటిదాన్నే. మూడేళ్ల కిందటి వరకూ.

విజయవాడలో మేమొక పాత ఇల్లు చూశాం. పెరట్లో కరివేపాకు చెట్టు, నున్నటి గచ్చు, వీధి వైపు అరుగు. నాకు తెగ నచ్చేసింది. ‘రేపటికి ఉండదమ్మా, ఇంకో పార్టీ వస్తోంది’ అన్నాడు బ్రోకరు. మా వారు మర్నాడే పది లక్షలు అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధమైపోయారు. మా పెద్దాడపడుచు ఫోన్‌లో ఒకటే మాటంది: ‘తమ్ముడూ, డబ్బిచ్చే ముందు మంచి లాయరుకి చూపించు.’

‘బ్యాంకు లోను తీసుకుంటున్నాంగా, వాళ్ల లాయరు చూస్తాడులే’ అన్నారు మా వారు. ‘మనవాడే ఒక లాయరున్నాడు, ఫీజు కూడా ఇవ్వక్కర్లేదు’ అన్నాడు బ్రోకరు. ఆ రెండో మాట దగ్గర నాకెందుకో అనుమానం వచ్చింది. అమ్మిపెడితే కమీషన్ వచ్చే మనిషి తెచ్చిన లాయరు, ‘ఈ ఇల్లు కొనకండి’ అని మనతో చెబుతాడా?

వాకబు చేసి, సివిల్ కేసులు చూసే ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. ఫీజు ఏడు వేలని ముందే చెప్పింది. కాగితాలు చూసి రాతపూర్వకంగా, సంతకంతో అభిప్రాయం ఇస్తానంది. ఆవిడే ఒక మాట వివరించింది. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు కోసం, వాళ్ల అప్పుకి భద్రత ఉందా లేదా అని. దస్తావేజు రాసే ఆయన మనం చెప్పింది రాస్తాడు. సబ్ రిజిస్ట్రారు దస్తావేజుని నమోదు చేస్తాడు. అంతేగానీ, రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన అమ్మినవాడికి అమ్మే హక్కు ఉందని రుజువైనట్టు కాదు. ఆ హక్కు సంగతి మన తరఫున చూసే మనిషిని మనమే పెట్టుకోవాలి.

ముప్ఫై ఏళ్లకి ఈసీ తీయించాం. శుభ్రంగా ఉంది. తాకట్టు లేదు, అమ్మకం లేదు. మా వారు నా వంక ‘చూశావా’ అన్నట్టు చూశారు. లాయరమ్మ మాత్రం ఆ అమ్మే పెద్దమనిషిని పిలిపించి అడిగింది: ‘ఇల్లు మీ నాన్నగారి పేరున ఉంది. ఆయన వీలునామా రాశారా?’

‘లేదు మేడమ్. అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. ఒక్కడే కొడుకుని.’

‘ఆడపిల్లలున్నారా?’

‘ఇద్దరు చెల్లెళ్లు. పెళ్లిళ్లప్పుడే పసుపుకుంకుమల కింద ఇవ్వాల్సింది ఇచ్చేశాం. ఇప్పుడు వాళ్లకేం సంబంధం?’

సంబంధం ఉందని నాకు ఆ రోజు తెలిసింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి తన స్వార్జితానికి వీలునామా రాయకుండా పోతే కొడుకులతో పాటు కూతుళ్లకీ సమాన వాటా. పెళ్లిలో ఏం పెట్టారన్నది ఆ వాటాని తుడిచెయ్యదు. పిత్రార్జితంలోనూ పెళ్లికాని కూతుళ్లకి హక్కు ఇస్తూ 1986లోనే మన రాష్ట్రం చట్టాన్ని సవరించింది. 2005లో దేశమంతటా కూతుళ్లకి ఆ హక్కు వచ్చింది. ఆ 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమమేమీ లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మిగతా మతాలవారికి వారసత్వ చట్టాలు వేరు.

మరి ఈసీలో ఇది ఎందుకు కనపడలేదు? ఈసీలో ఉండేవి రిజిస్టరైన లావాదేవీలే. ఆడపిల్ల హక్కు ఏ దస్తావేజు వల్లా వచ్చింది కాదు కనుక అందులో ఉండదు. అన్న ఒక్కడే అమ్మితే అతని వాటా వరకే మనకి వస్తుంది. రేపు ఆ చెల్లెళ్లు భాగం కోసం కోర్టుకి వెళితే, మనం ఆ కరివేపాకు చెట్టు కింద కూర్చుని వాయిదాలు లెక్కపెట్టుకోవాలి.

అప్పుడు నాకు నా సంగతే గుర్తొచ్చింది. మా నాన్న పోయిన ఏడాది, అన్నయ్య కాఫీ గ్లాసు పక్కన కొన్ని కాగితాలు పెట్టాడు. ‘ఏం రాశారు?’ అని అడిగితే ఎక్కడ నొచ్చుకుంటాడోనని చదవకుండానే సంతకం పెట్టాను. ఈ చెల్లెళ్లని ఆ మాత్రం కూడా అడగలేదు. ఒకరి పుట్టింటిని వాళ్లకి తెలియకుండా నేను కొనబోతున్నానని అప్పుడు గ్రహించాను.

చెల్లెళ్లిద్దరూ అమ్మకందార్లుగా దస్తావేజులో చేరాలి, లేదా ముందుగా హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేసివ్వాలి అంది లాయరమ్మ. పెద్దామె ఒప్పుకుంది. చిన్నామె ‘ఇన్నాళ్లూ నన్నెవరూ అడగలేదు, ఇప్పుడు నా వాటా తేల్చాకే సంతకం’ అంది. తప్పేముంది? ఆ ఇల్లు మాకు దక్కలేదు. నాలుగు రోజులు బాధపడ్డాను. పోయింది ఏడు వేలు, మిగిలింది పది లక్షలు. ఆర్నెల్ల తర్వాత కొన్న ఫ్లాటుకీ ఆవిడే మా లాయరు.

ఆ అనుభవంతో నాలుగు మాటలు చెబుతాను. లాయరుని చూడాల్సింది అడ్వాన్సు ఇచ్చాక కాదు, ఇవ్వకముందు. చేతులు కాలాక ఆకులెందుకు? ఆ లాయరు అమ్మేవాళ్లకీ బ్రోకరుకీ బిల్డరుకీ సంబంధించిన మనిషి కాకూడదు. ఆస్తి తగాదాలు చూసిన, ఆ ఊరి రికార్డులు తెలిసిన మనిషైతే మేలు. ‘అంతా బాగానే ఉందండీ’ అన్న నోటిమాటతో సరిపెట్టుకోకండి, కాగితం మీద తీసుకోండి.

లింకు డాక్యుమెంట్లన్నీ ఇచ్చి, అసలు దస్తావేజులు కళ్లతో చూడాలని అడగండి. జిరాక్సులు మాత్రమే చూపిస్తుంటే అసలువి ఎక్కడ కుదువబెట్టారోనని అనుమానించాల్సిందే. ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటి వాటిలో ఉందేమో చూడమనండి. జీపీఏ కాగితాలతో జరిగే అమ్మకం వల్ల యాజమాన్య హక్కు రాదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రెరా చట్టం కిందకి వచ్చే కొత్త అపార్ట్‌మెంటైతే, అగ్రిమెంటు రిజిస్టరు చెయ్యకుండా ఖరీదులో 10 శాతానికి మించి బిల్డరు తీసుకోకూడదు. హక్కులో లోపం తేలితే అడ్వాన్సు వాపసివ్వాలన్న షరతు అగ్రిమెంటులో రాయించండి. పత్రికలో ప్రకటన వేయించి అభ్యంతరాలు అడగడమూ మంచిదే.

అన్నింటికంటే ముఖ్యం, లాయరు దగ్గరికి మీరూ వెళ్లండి. అర్థం కాకపోతే ‘మళ్లీ చెప్పండి’ అనండి. చదువుకున్నదాన్నై ఉండి అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఫీజు ఇచ్చేది అందుకే. రిజిస్ట్రేషన్ నాడు పేర్లు, హద్దులు, విస్తీర్ణం మీరే ఒకసారి చదివి సంతకం పెట్టండి.

‘అక్కచెల్లెళ్లున్నారా?’ అన్న ప్రశ్న మాత్రం మరిచిపోకండి. అది మన డబ్బు కోసమే కాదు. కొనే ప్రతి ఇల్లాలూ ఆ ప్రశ్న అడిగితే, అమ్మే ప్రతి అన్నా ముందు చెల్లెల్ని అడుగుతాడు.

మొన్న పండక్కి పుట్టింటికి వెళ్లినప్పుడు, నేను సంతకం పెట్టిన ఆ కాగితాల నకలు కావాలని అన్నయ్యని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి బీరువా తీశాడు. ఇంటికొచ్చి నిదానంగా చదువుకున్నాను. అందులో ఏముందన్నది మా అన్నాచెల్లెళ్ల సంగతి. కానీ అడగడానికి నేను భయపడినంత ఏమీ జరగలేదు. మీరూ అడిగి చూడండి.