వీసా ఆలస్యమైతే విశ్వాసము తక్కువైనట్టా?



ఒంగోలుకు దగ్గరలోని ఒక పల్లెలో గృహ కూడికకు వెళ్లినప్పుడు జరిగిన సంగతి ఈ నెల మీతో పంచుకొనదలచినాను. మిరప కోతల రోజులవి. కళ్లాలలో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నవి. కోతకు వెళ్లి వచ్చిన తల్లులు చేతుల మంట తగ్గకముందే పాటల పుస్తకములు పట్టుకొని వచ్చి కూర్చున్నారు. ప్రార్థన ముగిసి అందరు వెళ్లిన తరువాత ఆ ఇంటి తల్లి గడప దగ్గర నన్ను ఆపినది.

"అయ్యగారూ, మావాడు అమెరికా వెళ్లి పదహారేండ్లు. గ్రీన్ కార్డుకు కాగితాలు పెట్టి పదేండ్లు దాటింది. మొన్న క్రిస్మసు వారంలో వాళ్ల నాన్నకు పక్షవాతం వస్తే కూడా రాలేకపోయాడు. ఏమంటే వీసా చిక్కు అంటాడు. వాడి తరువాత కెనడా వెళ్లిన పిల్లలు అప్పుడే అక్కడి పౌరులైపోయారు. మా ప్రార్థనలో ఏదో లోపముందని మన సంఘంలోనే ఒకామె అన్నది. నిజమేనా అయ్యగారూ?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. కారణము ఉన్నది. ఎవరికైనా వీసా వచ్చినదంటే ఆదివారము నాడు వారిని ముందుకు పిలిచి సాక్ష్యము చెప్పించి, కృతజ్ఞత కానుక తీసికొని, సంతోషముగా పాట పాడించినవాడను నేనే. రానివారు వెనుక చాపమీద తలవంచుకొని కూర్చున్నప్పుడు వారి దగ్గరకు వెళ్లినది తక్కువ. వీసా అంటే దేవుని ఆశీర్వాదమునకు ముద్ర అని మనము నోటితో బోధించలేదు గాని, చేతలతో బోధించినామేమో! అందుచేత ఆ కుమారునితో ఫోనులో మాట్లాడి, సంగతి ఏమిటో తెలిసికొన్నాను. మీలో అనేకుల బిడ్డలు ఇదే వరుసలో ఉన్నారు గనుక వివరముగా వ్రాయుచున్నాను.

వరుస ఎందుకు కదలదు?

మన పిల్లలు ఎక్కువగా వెళ్లునది హెచ్-1బి అను ఉద్యోగ వీసా మీద. ఇది మూడేండ్లు, పొడిగించిన మరి మూడేండ్లు, మొత్తము ఆరు. ఏడాదికి 65,000 మందికి, అక్కడ పై చదువు చదివినవారికి మరి 20,000 మందికి అని దీనికి పరిమితి ఉన్నది. అడిగేవారు అంతకంటె ఎక్కువ గనుక చీట్లు తీసి ఎంపిక చేయుచున్నారు. ఆరేండ్ల తరువాత కూడా ఉండవలెనంటే గ్రీన్ కార్డు వరుసలో నిలబడవలెను. వరుసలో ఉన్నవారికి వీసా పొడిగించుకొను వీలును 2000 సంవత్సరపు చట్టము ఇచ్చినది. అందువలననే మన పిల్లలు అన్ని ఏండ్లు అక్కడ ఉద్యోగము చేయగలుగుచున్నారు.

చిక్కు అంతా గ్రీన్ కార్డు దగ్గర ఉన్నది. 1990లో చేసిన చట్టము ప్రకారము ఉద్యోగము ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. భార్యాబిడ్డలను కూడా ఈ లెక్కలోనే కలుపుతారు. అందులో ఏ ఒక్క దేశములో పుట్టినవారికిని నూటికి ఏడు పాళ్లకు మించి ఇవ్వకూడదు. మిగిలిపోయినవి ఉంటే మాత్రమే అదనముగా దొరకును. ఐస్లాండు వంటి చిన్న దేశమునకైనా నూట నలుబది కోట్ల ఇండియాకైనా పరిమితి ఒక్కటే.

మనకు తెలిసిన మాటలో చెప్పెదను. గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర, "ఏ ఊరికైనా రోజుకు ఏడు బండ్లే లోపలికి" అని నియమము పెట్టినారనుకొనండి. పది బండ్లు వచ్చిన ఊరివారు రెండవ రోజుకు కాటా వేయించుకొని ఇంటికి పోవుదురు. వెయ్యి బండ్లు వచ్చిన ఊరివారు నెలల తరబడి రోడ్డుమీద ఉందురు. అంతమాత్రాన ఆ ఊరి కాయలో ఘాటు తక్కువని అనగలమా? మన బిడ్డల సంగతి అదే. 2025 చివరిలో భారతదేశములో పుట్టినవారికి రెండవ, మూడవ తరగతులలో 2013లో కాగితములు పెట్టినవారి వంతు నడిచినది. మన నర్సు పిల్లలలో అనేకులు నిలబడునది కూడా ఈ మూడవ తరగతి వరుసలోనే.

ఇది పుట్టుకను బట్టి వేసిన లెక్క. అపొస్తలుల కార్యములలో సహస్రాధిపతి తాను రోమా పౌరసత్వమును గొప్ప వెలకు కొనుక్కొన్నానని చెప్పగా, పౌలు తాను పుట్టుకతోనే పౌరుడనని చెప్పినాడు. ఎక్కడ పుట్టినారు, ఎంత చెల్లించగలరు అని రాజ్యములు అడుగుట ఆ కాలమునుండి ఉన్నదే. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు నాకు ఆ సహస్రాధిపతి జ్ఞాపకము వచ్చినాడు.

మరి తండ్రి పడిపోయిన నాడైనా ఎందుకు రాలేదు?

ఆ తల్లికి అన్నిటికంటె బాధ ఇదే. అమెరికాలో ఉండుటకు అనుమతి వేరు, బయటకు వచ్చి తిరిగి లోపలికి వెళ్లుటకు పాస్‌పోర్టులో వేసే వీసా ముద్ర వేరు. ముద్ర గడువు తీరినవారు ఇక్కడికి వచ్చిన తరువాత ఇంటర్వ్యూకు వెళ్లి మరల వేయించుకొనవలెను. ఒకప్పుడు దీనికొరకు ఒంగోలునుండి రాత్రి రైలెక్కి మద్రాసు వెళ్లేవారు. 2009 నుండి హైదరాబాదులోనే జరుగుచున్నది. కాని 2025 డిసెంబరు 15 నుండి హెచ్-1బి వారు, వారి కుటుంబములు సోషల్ మీడియాలో ఏమి వ్రాసినారో కూడా పరిశీలించు నియమము వచ్చినది. దానితో మన దేశములో అనేకుల ఇంటర్వ్యూలు 2026 మార్చికి, ఆ తరువాతకు జరిగినవి. పెండ్లికని మూడు వారముల సెలవు మీద వచ్చినవారు తిరిగి వెళ్లలేక చిక్కుకొన్నారు.

మన కుమారుని ముద్ర గడువు ఎప్పుడో తీరినది. డిసెంబరుకు తీసికొన్న తేదీ వాయిదా పడినది. వచ్చి ఇక్కడ నెలల తరబడి ఆగిపోతే ఉద్యోగము పోవచ్చును. ఉద్యోగము పోతే అక్కడ ఉండుటకు భార్యాబిడ్డల అనుమతి కూడా పోవును. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రములో మన తెలుగు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్ల గారిని జాతి ద్వేషముతో ఒకడు కాల్చి చంపినప్పుడు, ఆయన భార్య సునయన గారికి భర్తతోపాటు అక్కడ ఉండే హక్కు కూడా పోయినది. అంత్యక్రియలకు వచ్చిన ఆమె తిరిగి వెళ్లుటకు అక్కడి పార్లమెంటు సభ్యుడొకరు కల్పించుకొనవలసి వచ్చినది. దుఃఖములో ఉన్నవారిని కూడా కాగితము విడిచిపెట్టదు.

ఆ కుమారుడు నాతో ఇలా అన్నాడు: "అయ్యగారూ, నాన్న పడిపోయిన రాత్రి టికెట్టు బుక్ చేసి, తెల్లవారి రద్దు చేసుకున్నాను. అమ్మకు ఆ మాట చెప్పలేదు. మా అబ్బాయి గుంటూరులో పుట్టినవాడు, వాడికి పద్దెనిమిది. ఇరవై ఒకటి నిండితే మా కాగితాల మీద ఉండలేడు, వాడి దారి వాడు వెదుక్కోవాలి. నేను ఇప్పుడు కదిలితే వాడి చదువు ఆగిపోతుంది." ఒక ప్రక్క తండ్రి మంచము, మరొక ప్రక్క కొడుకు చదువు. ఈ రెంటి మధ్య నిలిచినవానిని ప్రేమ లేనివాడని అందుమా?

వేరే దేశములు మేలా?

"కెనడా వెళ్లినా బాగుండేది" అని ఆ తల్లి అన్నది. దేశమునకొక పద్ధతి ఉన్నది. కెనడా 2015 నుండి వయస్సు, చదువు, భాష, అనుభవము చూచి మార్కులు వేయుచున్నది. పుట్టిన దేశమును బట్టి అమెరికా వంటి కోత లేదు. స్థిర నివాసము వచ్చినవారు అయిదేండ్లలో మూడేండ్లు అక్కడ ఉంటే పౌరసత్వము అడుగవచ్చును. ఆస్ట్రేలియా కూడా మార్కుల పద్ధతే, కనీసము 65 రావలెను, సాధారణముగా 45 ఏండ్లు దాటకూడదు. జర్మనీలో బ్లూ కార్డు మీద పనిచేయువారు 27 నెలలకు, ఆ దేశపు భాష తగినంత వచ్చినవారు 21 నెలలకు స్థిర నివాసము అడుగవచ్చును.

వినుటకు ఇవి తేలికగా ఉన్నవి. అయితే కెనడాలో ముప్పది దాటిన కొలది మార్కులు తగ్గును. అంతేగాక 2025లో ఐదు లక్షల మందికి స్థిర నివాసము ఇచ్చెదమన్న ప్రభుత్వమే ఆ సంఖ్యను 3,95,000కు తగ్గించుకొన్నది. బ్రిటనులో వృద్ధులను చూచుకొను కేర్ వర్కర్లు 2024 మార్చి నుండి కుటుంబమును తీసికొని వెళ్లే వీలు లేకపోయినది. 2025 జూలై నుండి ఆ పనికి బయటి దేశములనుండి కొత్తగా తీసికొనుటయే ఆపివేసినారు. మన వైపు ఎందరు లక్షలు అప్పు చేసి ఆ వీసా కొరకు ఏజెంట్ల చుట్టూ తిరిగినారో మీకు తెలుసును. ఒక దేశపు తలుపు ఈ యేడు తెరచియున్నదని, వచ్చే యేడు కూడా తెరచియుండునని నమ్మి పొలము అమ్ముట జ్ఞానము కాదు.

మనము చేయదగినది

నెహెమ్యా సంగతి చూడండి. రాజు కొలువులో ఉద్యోగము చేయుచు, తన పితరుల పట్టణము కొరకు కిస్లేవు నెలనుండి నీసాను నెలవరకు నాలుగు నెలలు కన్నీటితో ప్రార్థించినాడు. రాజు అడిగిన దినమున మాత్రము తడబడలేదు. ఎప్పుడు తిరిగి వచ్చునో చెప్పినాడు. నది అవతలి అధికారులకు దారి పత్రములు అడిగినాడు, కలప కొరకు మరొక పత్రము అడిగినాడు. ప్రార్థించినవాడే కాగితములు కూడా సిద్ధపరచుకొన్నాడు. మనము కూడా అట్లే చేయుదము.

మొదటిది, పంపకముందే విచారించండి. ఏజెంటు ప్రభుత్వమువద్ద రిజిస్టరు అయినవాడో కాడో ఈ-మైగ్రేట్‌లో చూడవచ్చును. మన రాష్ట్ర ప్రభుత్వమునకు ఓంక్యాప్ అను సంస్థ ఉన్నది. ఉద్యోగ పత్రము చేతికి రాకముందు భూమి తాకట్టు పెట్టవద్దు.

రెండవది, రాలేని దినమునకు ముందే ఏర్పాటు చేసికొనండి. తలిదండ్రులలో ఒకరు పడిపోతే ఆసుపత్రికి ఎవరు తీసికొని వెళ్లుదురు, డబ్బు ఎవరి ఖాతాలో ఉండును, అన్నది నిర్ణయించుకొనండి. పొలము పనులకు కుమారుడు అక్కడి ఇండియా కాన్సులేటులో సంతకము చేసి అధికార పత్రము పంపవచ్చును. అది మన దేశమునకు చేరిన మూడు నెలలలోగా ఇక్కడ స్టాంపు చేయించవలెను.

మూడవది బిడ్డలతో చెప్పుచున్నాను. చెరలో ఉన్నవారికి యిర్మీయా ఉత్తరము వ్రాసినప్పుడు, ఇండ్లు కట్టుకొనుమని, తోటలు నాటుమని, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుమని చెప్పినాడు. కార్డు వచ్చిన తరువాత బ్రదుకుదామని వాయిదా వేయవద్దు. తిరిగి రావలసి వస్తే అది ఓటమి అనుకొనవద్దు. మీ కష్టమును తలిదండ్రులకు దాచవద్దు. మీరు దాచినది వారికి నిర్లక్ష్యముగా కనబడును.

నాలుగవది సంఘమునకు. వీసా వచ్చినవారిని ముందుకు పిలిచినట్టే, రానివారి ఇంటికి వెళ్లుదము.

మన ఒంగోలు ప్రార్థన కొండ కథ మీకు తెలుసును. 1854 జనవరి 1న జ్యూయెట్ దొరగారు కొద్దిమంది విశ్వాసులతో ఆ కొండమీద మోకరించి ఒంగోలుకు ఒక సేవకుని అడిగినారు. క్లౌ దొరగారు ఒంగోలు చేరినది 1866లో. మధ్యలో పన్నెండేండ్లు. ఆ పన్నెండేండ్లు వారి విశ్వాసములో లోపమని మనము ఎన్నడైనా అన్నామా? జ్యూయెట్ గారు కొండమీదనే కూర్చుండిపోలేదు. దిగి వెళ్లి నెల్లూరులో తన పని చేసికొన్నారు.

ఆ తల్లికి ఇదంతా చెప్పినాను. ఆమె చాలసేపు మాట్లాడలేదు. తరువాత నా ఎదుటనే కుమారునికి ఫోను చేసినది. "నాయనా, నువ్వు టికెట్టు తీసి రద్దు చేసుకున్నావంట గదా. ఆ మాట నాకు ముందే చెబితే ఇన్ని రోజులు నిన్ను తప్పు పట్టేదాన్ని కాదు గదరా" అన్నది. అవతల అతడు ఏడ్చుట నాకు వినబడినది. మంచము మీద తండ్రి మంచి చేతితో ఫోను ఇటు ఇమ్మని సైగ చేసినాడు.

ఆ కుమారుడు వచ్చుటా ఉండుటా అన్నది ఇంకను తేలలేదు. మన యౌవనస్థులు వారమునకు రెండు దినములు ఆ తండ్రిని ఒంగోలుకు ఫిజియోథెరపీకి తీసికొని వెళ్లుచున్నారు. లోపమున్నదని అన్న సహోదరి కూడా గత వారము కూర వండి తీసికొని వెళ్లినదని విన్నాను.

దూరదేశములో ఉన్న మన బిడ్డలను, ఇక్కడ వారి కొరకు కనిపెట్టుచున్న తలిదండ్రులను ప్రభువు కాపాడును గాక. ఆమేన్.