నవ్వే ఆడదాన్ని నమ్మరాదట!

నవ్వే ఆడదాన్నీ, ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదని మనకో సామెత ఉంది. ఎవరు కట్టారో తెలీదు కానీ, ఆడవాళ్ళు మాత్రం అయివుండరు. ఈ సామెత పుణ్యమా అని పాపం మగవాడికి మనసారా కళ్ళనీళ్ళు పెట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది. ఆ గొడవేదో వాళ్ళే తేల్చుకోవాలి. నా తగాదా అంతా మొదటి సగంతోనే.

నవ్వేది ఒకరూ, దానికి అర్థం చెప్పేది ఇంకొకరూ. చిక్కంతా అక్కడే ఉంది. ఈ సంగతి మన అమ్మమ్మలకి మనకంటే బాగా తెలుసు. వాళ్ళు పాడుకున్న "లక్ష్మణదేవర నవ్వు" పాట మీలో కొందరైనా వినే ఉంటారు. శ్రీరాముడు కొలువుతీరి ఉండగా లక్ష్మణుడు ఉన్నట్టుండి ఫక్కుమని నవ్వుతాడు. ఇంకేముంది, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, కొలువంతా ఎవరి భుజాలు వాళ్ళు తడుముకోవడమే! అన్నని విడిచి వచ్చిన విభీషణుడు తనని చూసే అనుకుంటాడు. పరాయిచోట ఉండి వచ్చినందుకు నవ్వాడని సీతమ్మ అనుకుంటుంది. ఆవిణ్ణి మళ్ళీ ఏలుకుంటున్నందుకని రాముడు అనుకుంటాడు. తీరా సంగతేమిటంటే, పద్నాలుగేళ్ళు తన జోలికి రావద్దని అడవిలో లక్ష్మణుడు బతిమాలుకున్న నిద్రాదేవి, గడువు తీరిందని ఆ నిండుకొలువులో వచ్చి ఎదురుగా నిలబడిందట. నవ్వు రాదూ మరి?

చదువూ సంధ్యా లేదని మనం అనుకునే ఆ ఇల్లాళ్ళు ఎంత లోతు చూశారండీ! అయితే ఒక్కటి గమనించండి. రాముడికి కోపం వచ్చిన మాట నిజమే అయినా, చివరికి "ఎందుకు నవ్వావు?" అని లక్ష్మణుణ్ణి అడిగారు. అతను చెప్పింది విన్నారు. నమ్మారు.

ద్రౌపదిని ఎవరడిగారు?

మయసభ సంగతే తీసుకోండి. నీళ్ళలో పడ్డ దుర్యోధనుణ్ణి చూసి నవ్వినవాళ్ళు ఎవరెవరో సంస్కృత భారతంలో వరసగా ఉంది. భీముడూ, అర్జునుడూ, కవలలూ, పనివాళ్ళూను. ఆ చోట ద్రౌపది పేరే లేదు. ఆవిడ కూడా నవ్విందన్న మాట తర్వాత దుర్యోధనుడి నోట వస్తుంది, ఇంటికి వెళ్ళి తండ్రి దగ్గర మొర పెట్టుకున్నప్పుడు. అప్పుడు కూడా కృష్ణార్జునులు నవ్వారనీ, ఆడవాళ్ళందరితోపాటు ద్రౌపదీ నవ్విందనీ అన్నాడు. మరి 1977లో వచ్చిన "దానవీరశూరకర్ణ" చూసినవాళ్ళకి గుర్తున్న నవ్వు ఎవరిది? భీముడిదా? ఇవాళ ఏ పిల్లాణ్ణి అడిగినా ద్రౌపది నవ్వినందుకే యుద్ధం వచ్చిందంటాడు. జూదం ఏమైంది, అయిదూళ్ళైనా ఇవ్వనన్న పంతం ఏమైంది? అన్నీ పోయి, పద్దెనిమిది రోజుల యుద్ధమూ ఒక ఆడదాని పెదాల మీదికి వచ్చి కూర్చుంది.

పురాణాలేం లెండి అంటారేమో. 2018 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రధాని మాట్లాడుతూండగా మన రేణుకా చౌదరి గట్టిగా నవ్వారు. రామాయణం సీరియల్ తర్వాత ఇలాంటి నవ్వు వినే భాగ్యం మళ్ళీ ఇవాళే కలిగిందని ప్రధాని చమత్కరించారు. ఆ మాటకి ఆయన వైపు సభ్యులు బల్లలు చరిచి మరీ నవ్వారు. ఆవిడ ఎదుటివారిని చిరాకు పెట్టాలనే నవ్వారేమో, కావచ్చు. పార్టీల సంగతి నాకొద్దు. ఒక నవ్వు దేశమంతా చర్చకి వచ్చింది, బల్లలు చరిచిన నవ్వుల గురించి ఎవరూ నోరెత్తలేదు. నేనడిగేది అదే.

భాషలో కూడా ఈ పక్షపాతం ఉంది, చూడండి. నలుగురు మగవాళ్ళు అరుగుమీద కూర్చుని ఇల్లు అదిరేలా నవ్వితే "సరదా మనుషులు" అంటాం. అదే నలుగురు కోడళ్ళు వంటింట్లో నవ్వితే అది "ఇకిలింపు". "ఏమిటా ఇకఇకలు?" అని కేక వేసేది మామగారు కాదు, అత్తగారే! నవ్వులో ముల్లు దాచి గుచ్చడం మనకీ వచ్చు, కాదనను. తోడికోడలి ముసిముసి నవ్వుకి పన్నెండు అర్థాలు చెప్పగల పండితులం మనం. కానీ ఆ అర్థాలతో మహా అయితే రెండు రోజులు మాటలు ఆగుతాయి. వీధిలో చెప్పే అర్థాలు అలా ఆగవు.

బస్సులో చిల్లర అందించినవాడికి కాలేజీ పిల్ల మర్యాదకి ఓ నవ్వు నవ్వుతుంది. మర్నాటినుంచీ వాడు ఆ స్టాపులోనే కాపురం. నిలదీస్తే "నవ్వింది కదండీ!" అంటాడు. మన సినిమాలు వాడికి నేర్పిన వ్యాకరణం అది. ఇలా వెంటపడడాన్ని 2013లో నేరంగా చట్టంలో చేర్చారు, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను. ఆడపిల్ల తన అయిష్టం స్పష్టంగా తెలియజేసినా వెంటపడితే నేరమని అందులో ఉంది. మంచిదే. కానీ ఆ స్పష్టత దగ్గర, మొదటిరోజు మర్యాదకి నవ్విన నవ్వుని తెచ్చి ముందు పెడతారు. పోలీసుస్టేషను దాకా ఎందుకు, ముందు ఇంట్లోనే పెడతారు. లక్ష్మణుణ్ణి అడిగిన ప్రశ్న అప్పుడు వస్తుంది ఆడపిల్లకి. "నువ్వెందుకు నవ్వావు?" జవాబు వినడానికి కాదు, తల దించుకునేలా చెయ్యడానికి.

అందుకే పిల్లలు గుమ్మం దాటుతూనే మూతులు బిగించుకుని, ఎవరి మొహమూ చూడకుండా బస్సెక్కుతున్నారు. అలా పదేళ్ళు బిగించుకోవడం నేర్పి, తర్వాత ఓ ఆదివారం పట్టుచీర కట్టించి, మగపెళ్ళివారి ముందు కాఫీ కప్పులతో నిలబెట్టి, చెవిలో రహస్యంగా చెప్తాం: "ఆ మొహమేమిటే, కాస్త నవ్వుతూ కూర్చో! మరీ పళ్ళు కనిపించకుండా..."