మూడు పావలాలు కలిస్తే రూపాయి కాదు

"టీములో ఎవరూ అంత ముఖ్యం కాదు, స్టారుని పంపేసినా కప్పులు వస్తాయి" అనడానికి జో థార్న్‌టన్ ట్రేడ్‌ని ఉదాహరణగా చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 2005లో బోస్టన్ బ్రూయిన్స్ అతన్ని వదిలించుకుంది, 2011లో కప్పు కొట్టింది, కాబట్టి వదిలించుకోవడం కరెక్టే.. ఇదీ వాళ్ళ లాజిక్కు. సర్వర్ రీస్టార్ట్ చేసిన ఆరేళ్ళకి కంపెనీ లాభాలు పెరిగితే ఆ రీస్టార్ట్ వల్లే అన్నట్టుంది.

హాకీ అంటే మన ధ్యాన్‌చంద్ హాకీ కాదండోయ్, అమెరికా, కెనడాల్లో ఐసు మీద ఆడే ఎన్‌హెచ్‌ఎల్. అక్కడ ట్రేడ్ అంటే ఆటగాడిని కాంట్రాక్టుతో సహా ఇంకో టీముకి ఇచ్చేసి, బదులుగా వేరే ఆటగాళ్ళనో, రాబోయే ఏళ్ళ డ్రాఫ్ట్ పిక్కులనో తీసుకోవడం. కాంట్రాక్టులో ముందే రాయించుకుంటే తప్ప ఆటగాడి ఇష్టాయిష్టాలు ఎవరూ అడగరు. పొద్దున ఒక ఊళ్ళో ప్రాక్టీసు, సాయంత్రానికి ఇంకో ఊరికి విమానం. మనం ఆన్‌సైట్, ఆఫ్‌షోర్ అని ఏడుస్తాం గానీ, వాళ్ళ ముందు మనమెంత!

స్టార్ ఫార్వర్డ్‌ని అమ్మడమే తప్పని నేననను. న్యాయమైన కారణాలు ఉంటాయి. 1988 ఆగస్టులో ఎడ్మంటన్ ఆయిలర్స్ సాక్షాత్తూ వేన్ గ్రెట్జ్‌కీనే లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేసింది. కెనడా అంతా గగ్గోలు పెట్టింది. కానీ ఓనరు పీటర్ పాక్లింగ్టన్‌కి కావలసింది డబ్బు, అది కోటిన్నర డాలర్లు వచ్చింది. దాంతోపాటు కుర్ర ఆటగాళ్ళు, మూడు ఫస్ట్ రౌండ్ పిక్కులు. అభిమానిగా తిట్టుకోవచ్చు, లెక్క మాత్రం అర్థమవుతుంది. 2022 జులైలో కాల్గరీ ఫ్లేమ్స్ మాథ్యూ కచక్‌ని ఫ్లోరిడాకి పంపింది. ఎందుకంటే అతను అక్కడ దీర్ఘకాలిక కాంట్రాక్టుకి ఒప్పుకోనని తేల్చి చెప్పాడు. ఊరికే పోగొట్టుకునే బదులు హ్యూబర్డోని, వీగర్‌ని, ఇంకో కుర్రాణ్ణి, ఒక ఫస్ట్ రౌండ్ పిక్కుని తీసుకున్నారు. ఆ తరవాత ఫ్లోరిడా 2024, 2025 రెండేళ్ళూ కప్పు కొట్టిందంటే అది కాల్గరీ ఖర్మ, తెలివితక్కువతనం కాదు.

మరి 2005 నవంబర్ 30న బోస్టన్‌కి వీటిలో ఏ కారణం ఉంది?

డబ్బు సమస్యా? ఆ ఏడాదే లీగులో జీతాలకి సీలింగు పెట్టారు, టీముకి 3.9 కోట్ల డాలర్లు. థార్న్‌టన్ జీతం ఏడాదికి సుమారు 66.7 లక్షలు. ఎక్కువే, కానీ మూడు నెలల ముందు, ఆగస్టులో, ఆ మూడేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పెట్టించింది వీళ్ళే కదా. కాంట్రాక్టు అయిపోతోందా? లేదు, మొదటి ఏడాదే. వయసైపోయిందా? 26 ఏళ్ళు. ఆడట్లేదా? 23 ఆటల్లో 33 పాయింట్లు, టీములో అందరికంటే ఎక్కువ.

అసలు కారణం ఒకటే. టీము వరసగా ఓడుతోంది. ఎవరో ఒకరి మీద పడాలి. గోల్స్ ఆపలేని డిఫెన్సు మీద పడితే దాన్ని కట్టిన జనరల్ మేనేజర్ మైక్ ఓకానెల్ మీద పడ్డట్టే. కెప్టెన్ మీద పడితే ఏ గొడవా లేదు. "లీడర్‌షిప్ లేదు, ప్లేఆఫ్స్‌లో తేలిపోతాడు" అనే మాట అప్పటికే ఉంది. 2004లో మాంట్రియల్ మీద ఏడు ఆటల్లో ఒక్క పాయింటూ చెయ్యలేదు, నిజమే. పక్కటెముకల గాయంతో ఆడాడన్నది కూడా నిజమే, కాకపోతే ఆ రెండో ముక్క ఎవరికీ గుర్తుండదు. అప్రైజల్ మీటింగుల్లో కూర్చున్నవాళ్ళకి ఈ పద్ధతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు :)

బదులుగా వచ్చింది ముగ్గురు: బ్రాడ్ స్టువర్ట్, మార్కో స్టుర్మ్, వేన్ ప్రైమో. చెడ్డ ఆటగాళ్ళేం కాదు. కానీ ఐసు మీద గోలీ కాక ఒకసారికి ఐదుగురే ఉంటారు. ఒకడు ఇరవై నిముషాల్లో చేసే పనిని ముగ్గురికి పంచితే వాళ్ళు మూడు స్థానాలు ఆక్రమిస్తారు, ఆ మూడు జీతాలూ సీలింగులోకే వస్తాయి. మూడు పావలాలు ఇచ్చి రూపాయి తీసుకెళ్తే ఎవడికి లాభమో కిరాణా కొట్టు కుర్రాడు కూడా చెప్తాడు. ఒక సీనియర్‌ని తీసేసి ముగ్గురు ఫ్రెషర్లని పెట్టి "రిసోర్స్ కౌంట్ పెరిగింది" అని క్లయింటుకి స్లైడు చూపించడం మనకి కొత్తా? ఎక్సెల్లో మూడు వరసలు కనిపిస్తాయి, రాత్రి రెండింటికి డేటాబేస్ పడిపోతే లేచేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు.

రూపాయి ఎక్కడికి పోయిందో చూద్దాం. శాన్ హోసే షార్క్స్ అప్పటికి వరసగా పది ఆటలు ఓడింది. థార్న్‌టన్ రాగానే దశ తిరిగింది. పక్కన ఆడిన జొనాథన్ చీచూ అంతకుముందు 24 ఆటల్లో 7 గోల్స్ చేసినవాడు, ఇతను వచ్చాక 49 కొట్టి లీగులో అత్యధిక గోల్స్ వీరుడయ్యాడు. థార్న్‌టన్ 125 పాయింట్లతో లీగులో మొదటి స్థానం, హార్ట్ ట్రోఫీ. ఒకే సీజనులో రెండు టీములకి ఆడి హార్ట్ గెలిచినవాడు అతనొక్కడే. బోస్టన్ తన డివిజనులో ఆఖరున నిలిచింది. 2006 మార్చిలో ఓకానెల్ ఉద్యోగం ఊడింది. బే ఏరియాలో ఉండే మనవాళ్ళు, డిరిడాన్ స్టేషన్ పక్కన ఆ అరీనా మీదుగా రోజూ వెళ్ళేవాళ్ళు, ఆ తరవాతి పదిహేనేళ్ళ సందడి చూసే ఉంటారు.

ఇక 2011 కప్పు సంగతి. ట్రేడ్ వల్ల జీతం మిగిలింది, ఆ డబ్బుతో 2006 జులైలో చారాని, సవార్డ్‌ని కొన్నారు, అందుకే కప్పు వచ్చింది అంటారు. ఇది కాస్త బలమైన వాదనే, కొట్టిపారెయ్యను. కానీ లెక్క వేద్దాం. మార్క్ సవార్డ్ ఆడేది సెంటర్, అంటే సరిగ్గా థార్న్‌టన్ స్థానం. అతనికి ఏడాదికి 50 లక్షలు. థార్న్‌టన్‌ని పంపేసి, అదే ఖాళీ నింపడానికి ఏడు నెలల్లో 50 లక్షలు పెట్టారన్నమాట. మిగిలింది 16.7 లక్షలు. పైగా 2011 ప్లేఆఫ్స్‌లో తల గాయం వల్ల సవార్డ్ ఆడనే లేదు. ఆ కప్పు తెచ్చిన బెర్జెరాన్ 2003 డ్రాఫ్టు, క్రేచీ 2004 డ్రాఫ్టు, గోలీ టిమ్ థామస్ ట్రేడ్‌కి ముందే వాళ్ళ దగ్గరున్నవాడు. ట్రేడ్‌లో వచ్చిన ముగ్గురిలో 2011 నాటికి ఒక్కడూ మిగల్లేదు. స్టువర్ట్‌నీ ప్రైమోనీ ఇస్తే వచ్చిన ఆండ్రూ ఫెరెన్స్ ఉన్నాడు, సరే, అది ఒప్పుకుంటా. అంతే.

"థార్న్‌టన్ శాన్ హోసేలో కూడా కప్పు కొట్టలేదుగా?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు. కొట్టలేదు. 2016లో ఫైనల్ దాకా వెళ్ళి పిట్స్‌బర్గ్ చేతిలో ఓడారు. కానీ అప్పట్లో ముప్పై టీములున్న లీగులో కప్పు ఒకరికే. ఇరవై ఏళ్ళకి పైగా ఆడి 1,539 పాయింట్లు చేసినవాణ్ణి ఆ ఒక్క గిన్నెతో కొలిస్తే, స్టువర్ట్‌నీ స్టుర్మ్‌నీ ప్రైమోనీ దేంతో కొలవాలి?

2025లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వచ్చినవాళ్ళలో చారా, థార్న్‌టన్ ఇద్దరూ ఉన్నారు. చారాకి బోస్టన్ ఇచ్చింది ఏడాదికి 75 లక్షలు, థార్న్‌టన్‌కి 66.7. 2006-07లో సీలింగు 4.4 కోట్లు. ఇద్దరికీ కలిపి 1.42 కోట్లు, అంటే మూడో వంతు కన్నా తక్కువ. ఆ సీజనులో ఇద్దరినీ ఒకే చొక్కాలో ఆడించడానికి డబ్బు అడ్డు కాలేదు.