ఉనికికే ముప్పా, ఉత్త ఓటమా?

ఉప ఎన్నికలో డిపాజిట్ గల్లంతైతే ‘ఎగ్జిస్టెన్షియల్ క్రైసిస్’. సోమవారం ఆఫీసుకు వెళ్లబుద్ధి కాకపోయినా అదే క్రైసిస్. టీవీ చర్చల నుంచి కుర్రకారు చాటింగుల దాకా ‘ఎగ్జిస్టెన్షియల్’ అనే ఈ విశేషణం దూరని చోటు లేదు. 2019లో డిక్షనరీ డాట్ కామ్ దీన్నే ఆ ఏటి మాటగా ఎంపిక చేసింది. వాతావరణ మార్పు, తుపాకీ హింసలతో పాటు ‘టాయ్ స్టోరీ 4’లోని ఫోర్కీని కూడా ఉదాహరణగా చూపింది. ఫోర్కు ముళ్లున్న ప్లాస్టిక్ స్పూనుతో ఓ పాప చేసిన బొమ్మ అది. తాను బొమ్మను కానని, చెత్తనని మొండికేసి మాటిమాటికీ చెత్తబుట్టలోకి దూకుతుంది.

ఈ మాట పుట్టుక మాత్రం ఇంత అల్లరిది కాదు. లాటిన్‌లో ‘ఎక్సిస్తెరే’ అంటే వెలికివచ్చి నిలబడటం. అందులోని ‘నిలబడు’ ధాతువుకూ, మన స్థితి, స్థానాల్లోని ‘స్థా’కూ మూలం ఒక్కటే. ఎంచుకుంటూ, తల్లడిల్లుతూ బతికే మనిషి గురించి 19వ శతాబ్దంలో డెన్మార్క్ తాత్వికుడు కీర్కెగార్డ్ రాశాడు. 1945 అక్టోబరులో పారిస్‌లో ఫ్రెంచ్ తాత్వికుడు సార్త్ర్ చేసిన ఉపన్యాసంతో ఆ చింతన జనంలో పడింది. తర్కశాస్త్రంలో అయితే ఏ వేదనా లేదు. ‘ఇలాంటిది కనీసం ఒకటుంది’ అని చెప్పడానికే ఈ విశేషణాన్ని వాడతారు.

తెలుగులో చిక్కు వేరు. సార్త్ర్ ఆలోచనను అస్తిత్వవాదం అన్నాం. తర్వాత స్త్రీవాద, దళిత, మైనారిటీ, ప్రాంతీయ గొంతులు బలపడ్డాక వాటినీ అస్తిత్వ ఉద్యమాలే అన్నాం. మొదటిది ఒంటరి మనిషి ఎదుర్కొనే ప్రశ్న, రెండోది సమూహం గుర్తింపు కోసం చేసే పోరు. ఇంగ్లీషులో ఈ రెండో దానికి ‘ఐడెంటిటీ’ అనే వేరే మాట ఉంది. మన దగ్గర సందర్భాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే.

ముప్పు సంగతికొస్తే ‘ఉనికి’ అనే చక్కని మాట ఉండనే ఉంది. దాన్ని ఎక్కడ వాడాలో మాల్దీవులను చూస్తే తెలుస్తుంది. సముద్రమట్టానికి ఆ దేశం సగటు ఎత్తు సుమారు ఒకటిన్నర మీటర్లే. 2009 అక్టోబరు 17న అధ్యక్షుడు నషీద్, మంత్రులు గాలి సిలిండర్లు తగిలించుకుని సముద్రం అడుగున కేబినెట్ సమావేశం జరిపారు. నీళ్లలోనే సంతకాలూ పెట్టారు. కాస్త నాటకీయమే, కానీ దేశం మునిగిపోతుందన్న భయం నిజం.

శీర్షికలు పెట్టే సబ్ ఎడిటర్లకు ఒక్క మనవి. ‘ఉనికికే ముప్పు’ అని రాసేముందు ఆ పార్టీయో, సంస్థో రేపు అసలు ఉంటుందా, ఉండదా అని అడగండి. ఉండేటట్టయితే ‘గట్టి దెబ్బ’ అంటే సరిపోతుంది.