లూపు నేర్పదలచితే ఊరి పేరుతో మొదలుపెట్టండి

పైథాను నేర్పే పాఠాలలో లూపు అనగానే ఒకటి నుండి పది వరకు అంకెలు ముద్రించడం ఆనవాయితీగా వస్తున్నది. నా మట్టుకు నాకు ఈ పద్ధతి రుచించదు. పది అంకెలు తెరపై వరుసగా దిగితే "ఇంతేనా, నేనూ రాయగలను కదా!" అనుకుంటాడు పిల్లవాడు. లూపు ప్రతి చుట్టులోనూ చేతిలోకి తీసుకుంటున్నది దేనిని అన్న అసలు ప్రశ్న అతనికి తట్టనే తట్టదు.

(లూపుకు తెలుగు మాట ఏదని నన్ను నిలదీయకండి. ఆవృత్తి, వలయం వంటివి తూచి చూశాను. పిల్లలు లూపు అనే అంటున్నారు, నేనూ అదే అంటాను.)

మా దోమకొండనే తీసుకుందాం.

ఊరు = "దోమకొండ"
ఫర్ అక్షరం ఇన్ ఊరు:
    ప్రింట్(అక్షరం)

ఫర్, ఇన్, ప్రింట్ అనే మూడు మాటలను మాత్రం ఆంగ్ల లిపిలో కొట్టాలి. ఊరు, అక్షరం అన్న పేర్లను పైథాను 3 తెలుగులోనే స్వీకరిస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు కంప్యూటరు పరాయిది కాదని చెప్పడానికి ఇంతకు మించిన ఉపన్యాసం అక్కరలేదు.

ఇహ ఫలితం చూడండి. దో, మ, కొం, డ అని నాలుగు వరుసలు వస్తాయని ఎవరైనా అనుకుంటారు. వచ్చేవి ఏడు: ద, ఓత్వం, మ, క, ఒత్వం, సున్న, డ. ఓత్వమూ ఒత్వమూ ఆనుకునే హల్లు లేక చుక్కల వలయాన్ని పట్టుకుని వేలాడుతుంటాయి. పిల్లలు నవ్వుతారు, ఆపై "ఎందుకిలా?" అని అడుగుతారు. పాఠం మొదలయ్యేది అక్కడే. యంత్రం మన అక్షరాన్ని ఎరుగదు, యూనికోడు సంకేతాన్ని ఎరుగును. పైథాను 2 కాలంలోనైతే మామూలు స్ట్రింగుపై ఇదే లూపు 21 చుట్లు తిరిగేది. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడేసి బైట్లు కదా! తెరనిండా చెత్త. 2008 డిసెంబరులో పైథాను 3 వచ్చాక ఆ బాధ తీరింది.

మొదటి పాఠానికి ఇది బరువు కాదా అని ఉపాధ్యాయ మిత్రులు అంటుంటారు. కాదని నా వాదన. "దకు ఓత్వమిస్తే దో" అని గుణింతం వల్లించిన బిడ్డకు ఇందులో కొత్తదేమున్నది? యంత్రం దాచుకున్న క్రమమూ ఆ వల్లింపు క్రమమూ ఒకటే. ఆ మాటకొస్తే గుణింతాల పట్టికే లూపులో లూపు: బయట హల్లులు, లోపల గుణింతపు గుర్తులు.

ఆ పట్టికను పిల్లలచేతనే అచ్చు వేయించండి. క సంఖ్య 3093, హ సంఖ్య 3129. రేంజ్ చివరి అంకెను కలుపుకోదు గనుక 3130 అని రాయాలి. 3129 అని రాసినవాడి పట్టికలో హ ఉండదు, ఆ నియమాన్ని వాడిక జన్మలో మరువడు. న తరువాత 3113 దగ్గర ఖాళీ గడి ఎదురవుతుంది. భారతీయ లిపులన్నిటికీ ఇస్కీ అనుసరించిన సమాన వరుసనే యూనికోడు తీసుకున్నది. తమిళంలో రెండవ న ఉన్న చోటు మనకు ఖాళీగా మిగిలింది. క్ష అసలే కనబడదు, అది క, పొల్లు, ష కలిసిన మూడు సంకేతాల కూర్పు.

రెండవ పాఠానికి కామారెడ్డి. సంకేతాలు పది, అక్షరాలు నాలుగు. గుణింతపు గుర్తో సున్నో వస్తే వెనుకటిదానికి తగిలించు, వెనుకటిది పొల్లుతో ముగిసి ఉంటే వచ్చిన హల్లునూ దానికే తగిలించు. ఇంతే సూత్రం. కాని ఇందుకు లూపు వెనుక చుట్టులో ఏం జరిగిందో గుర్తు పెట్టుకోవాలి, అంకెలు ముద్రించే పాఠంలో ఆ అవసరమే రాదు. డ్డి వంటి సంయుక్తాక్షరాన్ని విడదీయరాదన్న నియమం యూనికోడు ప్రమాణంలోకి వచ్చింది 2023లో వెలువడిన 15.1 కూర్పుతోనే. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక మధ్యాహ్నంలో రాయగలిగిన నియమమది!

చిక్కు నిజామాబాద్‌తో వస్తుంది. 2016 దాకా మా జిల్లా పేరు అదే గనుక ఎవరో ఒకరు దానిని లూపులో పెట్టక మానరు. సూత్రం ప్రకారం ని, జా, మా, బా, ద్ అని అయిదు. చివరి పొల్లును అక్షరమనాలా, ఛందస్సులో వలె బాద్ అని ముందుదానితో కలపాలా? నిర్ణయించి చెబితే తప్ప యంత్రం కదలదు. "నిజామాబాదు" అని పాత పద్ధతిలో రాస్తే పేచీయే లేదు. మీరైతే ఏ లెక్క తీసుకుంటారు?